వంతు పెట్టె

పోయిన ఎండాకాలం మొదట్లో ఒక సాయంత్రం మా మామ తోట నుంచి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా వసారాలో నిలబడ్డాడు.

"మళ్ళీ తిప్పినారు వాల్వు" అన్నాడు.

ఎవరని మేము అడగలేదు. మా బోరు రెండిళ్ళది. మా మామ రాజమోహన్, ఆయన అన్న వెంకటరమణయ్య కలిసి వేయించుకున్నారు. బోరు దగ్గర పైపు రెండుగా చీలుతుంది. ఎడమ పైపు పెద్దమామ వాళ్ళ నిమ్మతోటకు, కుడి పైపు మా నిమ్మతోటకు. ఒక్కో పైపుకు ఒక వాల్వు. పొద్దున కరెంటు వచ్చినప్పటి నుంచి మధ్యాహ్నం దాకా వాళ్ళ వంతు. అక్కడి నుంచి కరెంటు పోయేదాకా మాది. నీళ్ళు దండిగా ఉన్నన్నాళ్ళు ఎవరి వంతులో ఎవరు కాస్త తెరిచినా పట్టించుకున్న వాళ్ళు లేరు. బోరు తగ్గాక మా వంతులో వాళ్ళు తమ వాల్వుకు కొంచెం సందు ఇస్తున్నారని మామకు అనుమానం. వాళ్ళ వంతులో మేము ఇస్తున్నామని వాళ్ళకు అనుమానం. ఎదురెదురు ఇళ్ళలో ఉండి కూడా అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేశారు.

"నువ్వు చూసినావా నాయనా?" అన్నాడు మా బావ మల్లికార్జున. నాకు మేనబావ, మొగుడు.

"చూసేదేముండాది? వాల్వు చక్రం మీద మట్టి రాలిపోయి ఉండాది. తిప్పకుండా దానంతట అదే రాలతాదా?"

ఆ నెలలో నిమ్మకాయకు మంచి గిరాకీ. చెట్ల నిండా పిందె ఉంది. నీళ్ళు తగ్గితే ముందు ఆకు దోనెలాగా ముడుచుకుంటుంది, తర్వాత పిందె రాలుతుంది. మా తోటలో అప్పటికే ఆకు ముడుచుకుంటోంది.

అత్త పోయాక ఇంట్లో మేము ముగ్గురమే. అన్నాల దగ్గర బావ నా వైపు తిరిగాడు.

"నిరోషా, బళ్ళో పిల్లకాయలకు కంప్యూటర్ చెప్తావు గదా. ఏ పైపులో నీళ్ళు పోతా ఉండాయో చెప్పే పెట్టె ఒకటి చెయ్యలేవా?"

నేను చదివింది ఎలక్ట్రానిక్సే. కానీ పెళ్ళయ్యాక వైరు ముట్టింది లేదు. ఉదయగిరిలో ప్రైవేటు స్కూల్లో పిల్లలకు మౌసు పట్టుకోవడం నేర్పడమే నా ఉద్యోగం. అయినా చేస్తానన్నాను. మామ తలెత్తి నన్ను చూసి, మజ్జిగ పోసుకున్నాడు.

మరునాడు ఎదురింటికి వెళ్ళాను. పెద్దమామ మంచం మీద కూర్చుని ఉన్నాడు. పెద్దత్త చెంచమ్మ నిమ్మకాయలు రంగును బట్టి వేరు చేస్తోంది. విషయం చెప్పాను.

"పెట్టె లోపల రాసేది ఎవరు?" అన్నాడు పెద్దమామ.

"నేనే."

"అదే అడగతా ఉండా. రాసేది రాజమోహన్ కోడలు, చదివి చెప్పేది రాజమోహన్ కోడలు. మధ్యలో మాకేం తెలస్తాది?"

పెద్దత్త చేతిలో కాయను గంపలో వేసి, "పెట్టనీ. నేను పోయి చూస్తా ఉంటాలే" అంది.

సెలవులు ఇవ్వగానే పని మొదలుపెట్టాను. ఆత్మకూరులో చిన్న చిప్పు బోర్డు, పైపులో నీళ్ళ వేగం కొలిచే సెన్సార్లు కొన్నాను. కాలేజీలో నేర్చిన కంప్యూటర్ భాషలోనే ప్రోగ్రాం రాశాను. రాసిందంతా ల్యాప్‌టాప్‌లో కట్టగట్టి చిప్పులోకి ఎక్కించాలి. తప్పొస్తే మళ్ళీ మొదటి నుంచి. మోటారు షెడ్డు రేకుల కింద ల్యాప్‌టాప్ వేడెక్కి ఆగిపోయేది. తప్పు సెన్సార్‌దో, వైరుదో, నాదో తెలిసేది కాదు. ఒక సెన్సార్ మార్చాను, ఇంకోటి మార్చాను. మూడోదాన్ని పట్టుకుని మళ్ళీ ఆత్మకూరు పోయి, మీరు పాడైపోయిన సరుకు అమ్ముతున్నారని కొట్టతనితో గొడవకు దిగాను.

అక్కడ స్టూలు మీద ఒక పెద్దాయన పాత రేడియో ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"సెన్సార్‌లో తప్పు ఉండదేమోనమ్మా. దాన్నే అడిగితే పోలా?" అన్నాడు.

"ఎవర్ని?"

"చిప్పుని. నువ్వు ఉత్తరం రాసి పోస్టులో వేసి జవాబు కోసం కూచున్నావు. ఎదురుగ్గా మాట్లాడే భాషలు కూడా ఉండాయి."

ఆయన పేరు డేవిడ్‌రాజు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పి రిటైరయ్యాడట. ఇల్లు బస్టాండు వెనకే, రమ్మన్నాడు. అడగకుండా సాయం చేస్తానన్న మనిషిని నేను వెంటనే నమ్మను. తలుపు తీసింది ఆయన భార్య హన్నమ్మగారు కాబట్టి లోపలికి వెళ్ళాను. అయినా గుమ్మానికి దగ్గరగా ఉన్న కుర్చీలోనే కూర్చున్నాను.

ఆయన నా బోర్డును తన కంప్యూటర్‌కు కలిపి, ఏదో ఎక్కించి, ఒక వరస టైపు చేశాడు.

2 3 + .

పక్కనే 5 అని వచ్చింది. దాని పక్కన ఓకే అని వచ్చింది.

"ఇది ఫోర్త్ అనే భాష. నాలుగో తరందని ఆ పేరు పెట్టబోతే, అప్పటి మిషన్‌లో పేరుకు అన్ని ఇంగ్లీషు అక్షరాలు పట్టక 'యు' తీసేసినారు. నక్షత్రాలు చూసే టెలిస్కోపులు తిప్పడానికి పుట్టింది. ఇప్పుడు ఎవరూ నేర్చుకోరు."

"ఎవరూ నేర్చుకోనిది నాకెందుకు సార్?"

"చిన్న చిప్పులో పట్టుద్ది. అడిగితే అక్కడికక్కడే జవాబు చెప్తాది. అందుకు."

నేను ఆ వరస వైపు చూశాను. అంకెలు ముందు, కూడిక వెనక. బ్రాకెట్లు లేవు, ఈక్వల్ గుర్తు లేదు. నేను ఇన్నేళ్ళూ చూసిన దానికి తలకిందులుగా ఉంది. అదే అన్నాను.

హన్నమ్మగారు కాఫీ తెచ్చారు. డేవిడ్‌రాజుగారు గ్లాసు అందుకుంటూ, "నువ్వు ఇంట్లో ఏమంటావమ్మా? 'పాలల్లో చక్కెర వెయ్యి' అంటావా, 'వెయ్యి చక్కెర పాలల్లో' అంటావా?" అన్నాడు.

నేను నవ్వలేదు గానీ ఆ మాట పట్టుకుంది. రెండూ మూడూ కూడు, చెప్పు. చివరి చుక్క అంటే చెప్పు అని. మనం మాట్లాడే తీరే అది. ముందు వస్తువులు, చివర పని.

"పెట్టినవన్నీ పళ్ళేల దొంతరలాగా ఒకదాని మీద ఒకటి పేరుస్తాది. తీసేటప్పుడు పైది ముందు వస్తాది. ఆ వరస మరిచిపోయినావంటే ఎడమది కుడి అవుతాది. ఎవరైనా మొదట పడేది అక్కడే" అన్నాడు.

ఇంటికి వచ్చి నెట్‌లో వెతికాను. కనిపించిన పేజీలు తక్కువ, చాలావరకు పాతవి. ముసలివాళ్ళు కొందరు ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్న ఫోరం ఒకటి. ఉద్యోగాల ప్రకటనల్లో ఎక్కడా ఆ పేరు లేదు. ఈయన నాకు చచ్చిపోయిన భాషను అంటగట్టాడని నమ్మకం కుదిరింది. వదిలేద్దామనుకుని, ఆఖరుగా ఒక్కసారి షెడ్డులో చిప్పును కలిపి, ఆయన చెప్పినట్టు ఒక అంకె, ఒక మాట టైపు చేశాను. పెట్టెలో మోటారును ఆపడానికి పెట్టిన రిలే స్విచ్చి టక్కుమంది. ఇంకో అంకె వేశాను. మళ్ళీ టక్కుమంది. ఎక్కించడం లేదు, ఎదురుచూడటం లేదు. మొదటి సెన్సార్ ఎంత చెబుతోందని అడిగాను. సున్నా అంది, ఓకే అంది. వైరు కదిపి అడిగాను. ఈసారి అంకె వచ్చింది. నేను మార్చిన సెన్సార్లలో ఏదీ పాడు కాలేదు. తప్పంతా వైరుదే.

ఆ తర్వాత తరచుగా ఆత్మకూరు బస్సెక్కడం మొదలైంది. దాంతో ఇంట్లో కూడా మొదలైంది.

"ఎవడా డేవిడ్‌రాజు? మన బోరుతో వాడికేం పని?" అన్నాడు మామ.

"చదువు చెప్తున్నాడు మామా."

"డబ్బులు తీసుకోకుండా?"

నాకూ ఆ సందేహం ఉంది. తర్వాతిసారి బావ నాతో వచ్చాడు. డేవిడ్‌రాజుగారి ముందర గదిలో కూర్చుని, గోడలూ అలమారాలూ అన్నీ పరీక్షగా చూశాడు.

"సార్, మీకేం లాభం దీంట్లో?" అని మొహం మీదే అడిగేశాడు.

ఆయనకు కోపం రాలేదు. "ముప్ఫయ్యేళ్ళు పాఠం చెప్పినాను. ఇది నేర్చుకుంటానని ఒక్కరు రాలా. అదే లాభం" అన్నాడు. హన్నమ్మగారు వంటింట్లోంచి, "నేర్చుకోమని నన్ను కూడా సతాయించినాడు బాబూ" అన్నారు. బావ మొహంలో కొంచెం పట్టు సడలింది. నా తెర వైపు వంగి చూశాడు.

"ఇది మన జిల్లాలో ఇంకెవరికి తెలుసు సార్?"

"నాకు తెలిసి ఎవరికీ తెలీదు."

బావ తల ఊపాడు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. ఉదయగిరి కొండ కనిపించే మలుపులో మెల్లగా అన్నాడు:

"నిరోషా, పెట్టె పెట్టినాక... మన వంతు కొంచెం ముందు మొదలయ్యేటట్టు రాయొచ్చా?"

"రాయొచ్చు."

"ఎవరికన్నా తెలస్తాదా?"

"చదవగలిగినవాళ్ళు లేరు కదా" అన్నాను. ఆ మాట అన్నాక నా గొంతు నాకే బాగా అనిపించలేదు. "అలా రాయను బావా."

"రాయమన్లా. రాయొచ్చా అని అడిగినా, అంతే."

అంతే అన్నాడు గానీ, అంత తేలిగ్గా అడిగిన తీరు నాకు అడ్డం పడింది. ఇప్పటిదాకా మా ఇంటివాళ్ళు మోసపోతున్నారనే అనుకుంటూ వచ్చాను. ఆ రోజు నుంచి బావ తోటకు వెళ్ళి వచ్చినప్పుడల్లా ఎప్పుడు వెళ్ళాడు, ఎప్పుడు వచ్చాడు అని చూడటం మొదలుపెట్టాను.

పెట్టెను షెడ్డు గోడకు బిగించిన రోజు పెద్దత్త వచ్చి, పక్కనే గొంతుక్కూర్చుంది. నేను వైరు కలిపినప్పుడల్లా ఇది ఎందుకు, అది ఎందుకు అని అడిగింది. అప్పటికి పెట్టె వాల్వుల జోలికి పోదు. ఏ పైపులో ఎంత నీళ్ళు పోతున్నాయో చెబుతుంది. అవసరమైతే మోటారును ఆపగలదు, అంతే. షెడ్డు మీద చిన్న ఏంటెనా పెట్టాను. ఫోన్‌లో కూడా అడగొచ్చు, మా మిద్దె మీద దాకా అందుతుంది.

"ఇంగ్లీషేనా? మాకు తెలుగులో చెప్పదా?" అంది పెద్దత్త.

ఈ భాషలో కొత్త మాట పుట్టించడం చాలా తేలిక. ఒక చుక్కల జత పెట్టి, మాట పేరు రాసి, ఆ మాటకు ఏం చెయ్యాలో రాసి, చివర ముగింపు గుర్తు పెడితే చాలు. ఆ పేరు ఏ లిపిలో ఉన్నా చిప్పుకు పట్టింపు లేదు. పెద్దత్త ముందే 'నీళ్ళు' అనే మాట చేశాను. ఆమె కూతురికి వాట్సాప్‌లో తెలుగులోనే రాస్తుంది. ఆమె ఫోన్‌ను పెట్టెకు కలిపి ఇచ్చాను. ఆమె ఒక్క వేలితో నీళ్ళు అని కొట్టింది.

ఎడమ 0 కుడి 15 ఓకే, అని వచ్చింది. అది మా వంతు.

"సరిగ్గానే చెప్పింది" అంది. మెచ్చుకోలేదు. ఈ ఒక్కసారికి సరిగ్గా చెప్పింది అన్నట్టుగా అంది.

కొన్ని రోజులు గడిచాక ఒక పొద్దున మిద్దె మీద మిరపకాయలు ఆరబోస్తూ, ఊరికే ఫోన్ తీసి నీళ్ళు అని అడిగాను. వాళ్ళ వంతు నడుస్తోంది, కుడికి సున్నా రావాలి.

ఎడమ 9 కుడి 6 ఓకే.

నాకు మొదట నా మీదే అనుమానం వచ్చింది. దొంతరలో పైది ముందు వస్తుంది. ఎక్కడో వరస తప్పి ఉంటాను. కానీ వరస తప్పితే అంకెలు అటూ ఇటూ మారాలి గానీ రెండు చోట్లా నీళ్ళు ఎందుకు కనిపిస్తాయి? షెడ్డుకు పోయి ల్యాప్‌టాప్ పెట్టుకుని ఒక్కో మాటా విడిగా అడిగాను. ఎడమ సెన్సార్ ఒక్కదాన్నే. కుడి సెన్సార్ ఒక్కదాన్నే. వైర్లు కదిపాను. భాష మీద అనుమానం వచ్చింది, చిప్పు మీద వచ్చింది, డేవిడ్‌రాజుగారి మీద కూడా వచ్చింది. పెట్టె ప్రతిసారీ అదే చెప్పి ఓకే అంటోంది.

బయటికి వచ్చి వాల్వుల గుంటలోకి చూశాను. మా వాల్వు చక్రం మీద తడి వేలిముద్రలు ఉన్నాయి.

బావే అనుకున్నాను. ఏం అడగాలో మాటలు కూడబెట్టుకుంటూ తోటలోకి నడిచాను. మూడో సాలులో మామ పార పట్టుకుని, పాదులోకి వచ్చే నీళ్ళు పక్కకు పోకుండా మట్టి వేస్తున్నాడు. నన్ను చూసి ఆగలేదు.

"మామా, ఇది వాళ్ళ వంతు."

"తెలుసు."

"మరి?"

"వాళ్ళు మన వంతులో తిప్పలేదని నువ్వు చూసినావా?" పార మట్టిలో గుచ్చి, దాని మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. "పెట్టె ఏం చెప్పాల్నో చెప్పేది నువ్వే గదా అమ్మాయ్. నువ్వు మా మనిషివి. నేను నీకు చెప్పాల్నా?"

బస్సులో బావ అడిగిందీ నేను అన్నదీ ఈయన దాకా వచ్చాయో లేదో తెలియదు. వచ్చి ఉంటే, నేను ఒప్పుకున్నానని అనుకున్నాడేమో. చెట్టు కింద తడి వాసన వస్తోంది. మామ కళ్ళలో తప్పు చేసినవాడి బెదురేమీ లేదు. నన్ను అడిగింది నిజంగా జవాబు కావాలని అడిగినట్టే ఉంది.

నేను తిరిగి షెడ్డుకు వచ్చేసరికి పెద్దత్త అప్పుడే వచ్చి నీడలో నిలబడి చెమట తుడుచుకుంటోంది.

"ఏమంటా ఉండాది పెట్టె?" అంది.

నోటి దాకా ఏదో వచ్చింది. సెన్సార్ బాగు చేస్తున్నానని అంటే నమ్మేది. నేను పక్కకు జరిగాను.

"మీరే అడగండి పెద్దత్తా."

ఆమె ఫోన్ తీసింది. ఒక్క వేలితో కొట్టింది. తెర వైపు కాసేపు చూసింది. తర్వాత గుంటలోకి చూసింది. తర్వాత మా తోట వైపు, ఆకుల మధ్యలో కనిపిస్తున్న మామ తెల్ల తలపాగా వైపు చూసింది. వంగి మా వాల్వును తనే బిగించింది.

"మీ మామకు ఎండదెబ్బ తగుల్తాది. ఇంటికి పొమ్మను" అని వెళ్ళిపోయింది.

ఆమె ఎవరికైనా చెప్పిందో లేదో గానీ, సాయంత్రానికి ఊళ్ళో అందరికీ తెలిసింది. బావ ఇంటికి వచ్చి తలుపు మూశాడు.

"ఇంట్లో మాట ఇంట్లో ఉంచలేకపోయినావా?"

"నీకు తెలుసా?" అన్నాను.

"నాకేం తెలుసు?"

"బావా, నీకు తెలుసా?"

మంచం మీద కూర్చున్నాడు. "తెలీదు. అడిగితే చెప్తాడేమోనని అడగలా" అన్నాడు.

మామ ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం మానేశాడు. అన్నానికి పిలిస్తే బావతో, "నాకెందుకు, ఆ పెట్టెకే పెట్టమను" అనేవాడు. వసారాలో మంచం వేసుకుని గోడ వైపు తిరిగి పడుకునేవాడు. టీ అంగడికి పోవడం మానుకున్నాడు.

పెద్దమామ గొడవకు వస్తాడని ఎదురుచూశాం. రాలేదు. రెండు మూడు రోజులాగి షెడ్డుకు వచ్చి పెట్టె ముందు నిలబడ్డాడు.

"వాల్వులు మనుషుల చేతిలో వద్దు. కరెంటు వాల్వులు పెట్టి, వంతులు దీన్నే తిప్పమను" అన్నాడు.

"సరే పెద్దమామా."

"సరే అంటావు. లోపల ఏం రాస్తావో మాకెట్లా తెలస్తాది? రాసేది రాజమోహన్ కోడలు."

అదే మాట. ఈసారి నాకు కోపం రాలేదు. ఆయన స్థానంలో ఉంటే నేనూ నమ్మను.

"చదవగలిగేటట్టు రాస్తాను. గోడ మీద రాస్తాను" అన్నాను.

బావ వద్దన్నాడు. ఊరంతా వచ్చి చదువుతారని అన్నాడు. చదవాలనే రాస్తున్నానన్నాను. ఆ రాత్రి ఏమాలోచించుకున్నాడో, పొద్దున్నే షెడ్డు గోడకు సున్నం కొట్టి, నీలం రంగు డబ్బా, కుంచె తెచ్చాడు. నేను చెబుతుంటే ఆయనే రాశాడు. బావ చేతిరాత నాకంటే బాగుంటుంది.

: పొద్దున   కుడి మూయి  ఎడమ తెరువు ;
: మధ్యాహ్నం   ఎడమ మూయి  కుడి తెరువు ;
: రోజు   పొద్దున పూట  మధ్యాహ్నం పూట ;
: కరెంటొస్తే   రోజు ;

పూట అంటే కరెంటు వేళల్లో సగం సేపు ఆగడం. కరెంటు వాల్వులు బిగించాక 'చూపు' అని ఇంకో మాట కూడా పెట్టాను. చూపు రోజు అని అడిగితే, చిప్పు తన లోపల రోజు అనే మాటకు ఏం రాసుందో చెబుతుంది. దాన్ని గోడతో పోల్చుకోవచ్చు. లోపల ఒకటి, బయట ఒకటి ఉంటే తెలిసిపోతుంది. పెద్దత్త ప్రతి పొద్దునా వచ్చి చూపు, చూపు అని ఒక్కో మాటా అడిగి, గోడ మీద వేలు పెట్టి సరిచూసుకుని పోయేది. బావ కూడా చూసేవాడు, నేను లేనప్పుడు. నన్ను నమ్మి మాత్రం ఎవరూ ఊరుకోలేదు.

ఎండలు ముదిరాయి. కరెంటు మాటిమాటికీ పోయి వస్తోంది. మామ ఒక మధ్యాహ్నం తోట చుట్టి వచ్చి బావతో అన్నాడు:

"మనకు తక్కువ వస్తా ఉండాది."

బావ నవ్వాడు. ఆ నవ్వు బాగాలేదు. "ఇంతకుముందు ఎక్కువ వచ్చేది నాయనా, అందుకని అట్లా అనిపిస్తాది."

"పాదు సగం గూడా తడవడంలా. పోయి చూడు."

బావ పోలేదు. నేను పోయాను గానీ నమ్మి కాదు. మా వంతులో ఫోన్ తీసి అడిగాను. ఎడమ 0, కుడి 13. సరిగ్గానే ఉంది. పిందె రాలుతున్న మాట నిజమే. దొంగనీళ్ళు ఆగిపోతే రాలక ఏమవుతుందని అనుకుని వచ్చేశాను. మామ ఆ మాట ఇంకోసారి అన్నాడు. మరోసారి అన్నాడు. తర్వాత అనడం మానేశాడు.

ఒక పొద్దున పెద్దత్త షెడ్డుకు వచ్చి, పెట్టెను ఏమీ అడగకుండా నా ఎదురుగా నిలబడింది. చీర అంచుకు బురద అంటుకుని ఉంది.

"ఒక మాట అడగతా, నిజం చెప్పు. మమ్మల్ని మంచి చేసుకోవాలని మాకు నీళ్ళు ఎక్కువ ఇస్తా ఉండావా?"

"నేనా? లేదు పెద్దత్తా."

"మా కింది సాళ్ళల్లో నీళ్ళు నిలబడి ఉండాయి. గడ్డి లేచింది. ఈ ఎండల్లో గడ్డి ఎట్లా లేస్తాది?" నన్ను నమ్మని చూపు చూసి, గోడ దగ్గరికి పోయింది. "నేను నిన్నంతా దీన్నే చదివినా. ఇది చూడు. కరెంటొస్తే రోజు. రోజు అంటే పొద్దున పూట ముందు. కరెంటు మధ్యాహ్నం పోయి మళ్ళీ వస్తే?"

నేను గోడ వైపు చూశాను.

"మళ్ళీ పొద్దున అవుతాదా?" అంది.

అవుతుంది. కరెంటు పోతే వంతు ఎక్కడిదాకా వచ్చిందో చిప్పు మరిచిపోతుంది. తిరిగి రాగానే రోజును మొదటి నుంచి మొదలుపెడుతుంది. మొదలు వాళ్ళది. మా వంతులో కరెంటు పోయిన ప్రతిసారీ, వచ్చిన నీళ్ళు ఎడమకే పోయాయి. నేను అడిగినప్పుడల్లా కరెంటు పోకుండా ఉన్న మధ్యాహ్నమే అడిగాను. మామ చెప్పింది అక్షరాలా నిజం.

"తప్పు నాదే" అన్నాను.

పెద్దత్త నా మొహం చాలాసేపు చూసింది. చూసి, నమ్మినట్టుంది.

"మీ పెద్దమామతో రాత్రి చెప్పినా. ఊరకుండు, ఇన్నాళ్ళు వాళ్ళు తిన్నది తేలిపోతాదిలే అన్నాడు." గోడ పక్కన గొంతుక్కూర్చుంది. "సరిచెయ్యి. నేను కూచోనుంటా."

డేవిడ్‌రాజుగారికి ఫోన్ చేశాను. వంతు ఎక్కడిదాకా వచ్చిందో చెరిగిపోని చోట రాసి పెట్టుకోమని ఆయన చెప్పాడు. 'గుర్తు' అనే కొత్త మాట చేశాను. చివరి వరసలో రోజు తీసేసి, గుర్తు మిగిలింది అని మార్చాను, అంటే ఆగిన చోటి నుంచి మిగిలిన వంతు నడపమని. ఎక్కించడాలేమీ లేవు, అక్కడే అడుగుతూ, జవాబు వింటూ పూర్తి చేశాను. బావను పిలిచి విషయం చెప్పాను. గోడ మీద పాత వరసకు సున్నం కొట్టి, కొత్తది రాశాడు.

పెద్దత్త లేచింది. వాళ్ళింటికి పోతుందనుకున్నాం. మా వసారా మెట్లెక్కింది. రెండేళ్ళుగా ఎక్కలేదు. మామ గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"రాజమోహనా."

మామ ఇటు తిరిగాడు. మనిషిని చూసి లేచి కూర్చున్నాడు.

"నీకు నీళ్ళు తక్కువ వస్తా ఉండాయని అన్నావంట. నిజమే. మాకు ఎక్కువ వచ్చినాయి."

మామ ఆమెను చూశాడు, బావను చూశాడు. చివరికి నా వైపు తిరిగాడు. అన్ని రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట ఇది:

"మరిచిపోయి రాసినావా, తెలిసే రాసినావా?"

"మరిచిపోయి మామా."

ఆయన మొహంలో నమ్మకం లేదు. ఉండాలని అడిగే హక్కు నాకూ లేదు, నేను ఆయన మాట నమ్మలేదు కాబట్టి.

"గోడ మీద ఉండాది. వచ్చి చదువుకో" అంది పెద్దత్త.

మామ చెప్పులేసుకున్నాడు. ఇద్దరూ షెడ్డు వైపు నడిచారు, మధ్యలో మనిషి పట్టేంత దూరంతో. నేనూ బావా వెనకే వెళ్ళి వేపచెట్టు దగ్గర ఆగిపోయాం. పెద్దత్త గోడ మీద ఒక్కో మాటా చూపించి చెబుతోంది. మామ ఒక్కోదానికీ ఏదో అడుగుతున్నాడు. మోటారు నడుస్తోంది. మా వంతు.

ఉన్నట్టుండి మోటారు ఆగింది. కరెంటు పోయింది.

ఇద్దరూ గోడ మీది నుంచి చూపు తిప్పి పైపుల దగ్గరికి వచ్చారు. ఎండ మాడిపోతోంది. ఇంటికి వెళ్ళి కూర్చోమని చెబుదామని బావ అడుగు వేస్తే నేను చెయ్యి పట్టుకుని ఆపాను. ఎవరూ కదల్లేదు. మామ కుడి పైపు వైపు, పెద్దత్త ఎడమ పైపు వైపు నిలబడ్డారు. పెద్దత్త కొంగు తల మీద కప్పుకుంది. కాసేపటికి మామ షెడ్డులోంచి ఖాళీ ఎరువుల సంచి తెచ్చి, నీడ పడేచోట పరిచి, దాని వైపు చెయ్యి చూపించాడు. ఆమె కూర్చుంది.

చాలాసేపటికి మోటారు గుర్రుమంది. మామ మోకాళ్ళ మీద వంగి, నీళ్ళు పారితే చల్లబడే మా పైపు మీద అరచెయ్యి ఆనించాడు. అలాగే ఉండిపోయాడు.

"వదినా, ఇటొచ్చి చెయ్యి పెట్టి చూడు" అన్నాడు.

పెద్దత్త కొంగు నడుముకు దోపుకుని లేచింది.